ఇరవై ఎనిమిదో వెక్సెల్‌బీ

“తాళంచెవి ఎవరికో ఇచ్చావు. ఇచ్చావా లేదా అని నేనడగడం లేదమ్మా. ఎవరికి అని అడుగుతున్నాను.”

శ్యామల ఆ మాట అని, మళ్లీ ఉప్మాలో జీడిపప్పు వెతుక్కోవడంలో పడింది. ఆవిడకి ఎప్పుడూ తొందరుండదు. మిల్టన్ నుంచి హామిల్టన్‌కి కారేసుకొచ్చిన ఈ యాభై రెండేళ్ల ప్రైవేట్ డిటెక్టివ్‌ది ఒకటే లెక్క: అబద్ధమాడేవాళ్లు గబగబా మాట్లాడతారు, నిజం దాచేవాళ్లు టీ చల్లార్చుకుంటారు. ఎదురుగా కూర్చున్న భవిత టీ మీద అప్పటికే మీగడ కట్టింది.

భవిత జనగామ పిల్ల. కిందటి సెప్టెంబర్ కాలేజీ ఇన్‌టేక్‌లో కెనడాకి విమానాలకు విమానాలుగా దిగిన స్టూడెంట్లలో ఒకతె. తోటివాళ్లు బేస్‌మెంట్‌కి ఎనిమిదిమంది చొప్పున సర్దుకుంటుంటే, ఈ పిల్లకి అదృష్టం కలిసొచ్చి ఎడిత్ వెక్సెల్‌బీ అనే పెద్దావిడ ఇంట్లో మేడ మీద గది దొరికింది. ఎడిత్‌కి పిల్లల్లేరు. భర్త ఆర్థర్ పోయి ఆరేళ్లయింది. మొన్న శనివారం ఆవిడ ఎనభై రెండో పుట్టినరోజు. ఆ రోజే తలకి దెబ్బ తగిలి, బేస్‌మెంట్ మెట్ల కింద పడి ఉంది. కాఫీ షాపులో షిఫ్ట్ ముగించుకుని వచ్చిన భవితే చూసి అంబులెన్స్‌ని పిలిచింది. ఇవాళ మంగళవారం. హాస్పిటల్లో ఆవిడకింకా తెలివి రాలేదు.

ఈలోగా కోలిన్ వెక్సెల్‌బీ అని ఒకాయన ఇంగ్లండ్ నుంచి ఊడిపడ్డాడు. తాను ఆర్థర్ తమ్ముడి కొడుకునని, తన పెద్దమ్మని ఈ అమ్మాయే తోసేసిందని పోలీసులకి కంప్లైంట్ ఇచ్చాడు. నాలుగింటికి వాళ్లొచ్చి భవితని స్టేషన్‌కి తీసుకెళ్తారు. కేసు పడితే స్టడీ పర్మిట్టూ చదువూ గోవిందా. అందుకే తెలుగు అసోసియేషన్ వాళ్లు పరుగుపరుగున శ్యామలకి ఫోన్ చేశారు.

“చెప్తే మీరు తిడతారు ఆంటీ,” అంది భవిత.

“ఉప్మా ఇంత బాగా చేసినవాళ్లని తిట్టే అలవాటు నాకు లేదు. చెప్పు.”

“గురువారం ఎడిత్ గారు కంటి డాక్టర్ దగ్గరికి పోయిన్రు. అప్పుడే కోలిన్ వచ్చిండు. లైసెన్స్ చూపించిండు, వెక్సెల్‌బీ అనే ఉంది. శనివారం పొద్దున వచ్చి సర్‌ప్రైజ్ ఇస్తా, ముందే చెప్పకు అన్నడు. ఆర్థర్ గారి పాత తాళంచెవి డ్రాయర్‌ల ఉండె. అది తీసి ఇచ్చిన.”

“ముక్కూ మొహం తెలియనివాడికా!”

“తెలియనోడు ఎట్లయితడు ఆంటీ? ఒక్కటే ఇంటిపేరు. మనదాంట్ల అట్లుంటే దాయాదులే కదా. ఎడిత్ గారికి ఈ లోకంల ఇంకో వెక్సెల్‌బీ దొరికితే పండగే. ఆమె బర్త్‌డేకి ఇంతకన్నా మంచి గిఫ్ట్ ఏముంటదనుకున్న.” భవిత టీ కప్పు దూరంగా నెట్టింది. “ఎవ్వరినీ రానియ్యకు అని మొదటిరోజే చెప్పిన్రు ఆంటీ. నా వల్లనే పడ్డదని తెలిస్తే నా మొహం చూస్తదా?”

తిట్టనని మాటిచ్చింది గనక శ్యామల తిట్టలేదు. పైగా ఆ పిల్లని చూస్తే జాలేసింది. స్టేషన్‌కి తీసుకెళ్తారన్న భయం కన్నా ముసలావిడ మొహం చాటేస్తుందన్న భయమే దానికి ఎక్కువ. అలాంటిది ఆవిణ్ణి తోసిందంటే నమ్మడానికి శ్యామల చెవిలో పువ్వు పెట్టుకుని రాలేదు.

వీధి తలుపు మీద ఎవరో దబదబా బాదారు. భవిత వెళ్లి తీసింది. నల్లకోటూ ఎర్ర టైతో రాజగోపాల్ లోపలికొచ్చి, మంచు బూట్లు విప్పి వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు. విశాఖపట్నం మనిషి. ఒకప్పుడు ఇద్దరూ ఒకే ఇన్సూరెన్స్ కంపెనీకి దొంగ క్లెయిములు పట్టిచ్చేవాళ్లు. ఇప్పుడు ఆయనా ప్రైవేట్ డిటెక్టివే. ఈ కేసులో కోలిన్ తరఫున పనిచేస్తున్నాడు.

“శ్యామల గారూ, మీరు కేసు చేస్తున్నారా, ఉప్మా తింటున్నారా?”

“రెండూనండీ. మీకూ ఒక ప్లేట్ పెట్టమంటారా?”

“నాకు పనుంది.” గుమ్మం పక్కన మేకుకి వేలాడుతున్న తాళంచెవి తీసి టేబుల్ మీద పెట్టాడు. “ఇది ఎడిత్ గారిది. ఏమ్మాయ్, నీది కూడా ఇలా పెట్టు.” భవిత జేబులోంచి తీసి దాని పక్కన పెట్టింది. “చూశారా? ఈ ఇంటికి రెండే తాళంచెవులు. అది తోస్తే తగిలిన దెబ్బేనని, ఆవిడ పడింది తొమ్మిదికీ పదికీ మధ్య అని డాక్టర్లు చెప్పారు. వీధి తలుపు తాళం వేసే ఉంది. ఆ తాళం బయట నుంచి వెయ్యాలంటే చెవి ఉండాల్సిందే. ఎడిత్ గారి చెవి లోపలే మేకుకుంది. అంటే వేసిందెవరు?”

“నేను ఎనిమిదిన్నరకే పోయిన అంకుల్. షిఫ్ట్ పదింటికి. బస్సెక్కకుండా మన వీధి చివర కొండ మెట్లు దిగి నడిచి పోయిన.”

“ఎవరైనా చూశారా?”

“ఎవ్వరూ ఎదురు రాలే,” అంది భవిత. శ్యామల ప్లేటు పక్కకి జరిపింది.

“మూడో తాళంచెవి ఉంది రాజగోపాల్ గారూ. ఆర్థర్ గారిది. అది మీ కోలిన్ దగ్గరుంది.”

“మొదటిరోజే అడిగాన్లెండి, నేనేం పిల్లకాకిని కాదు. ఆదివారం పోలీసులు తలుపు తీస్తేనే ఈ గడప తొక్కాడట. తాళంచెవి అన్నది కంటితో చూడలేదన్నాడు. కనిపించని తాళంచెవితో కోర్టులో ఏ తలుపులూ తెరుచుకోవు మేడమ్.”

“అయితే కనిపించేవి చూద్దాం పదండి,” అని శ్యామల లేచింది.

బేస్‌మెంట్ మెట్లు పోలీసులు ఎలాగూ గాలించారు. అందుకే ఆవిడ తిన్నగా ముందుగదిలోకి నడిచింది. అక్కడ సోఫా వెనక గోడంతా ఒక ప్రపంచపటం. దాని మీద గుండుసూదులు, చాలావాటికి ఆకుపచ్చ తలలు, కొన్నింటికి నల్ల తలలు.

“యుద్ధం ఏమైనా ప్లాన్ చేస్తోందా ముసలావిడ?” అన్నాడు రాజగోపాల్.

“వెక్సెల్‌బీలు అంకుల్. ఆకుపచ్చ అంటే బతికున్నోళ్లు, నలుపు అంటే పోయినోళ్లు. ఇరవై ఏళ్ల నుంచి వెతుకుతున్నరు. అడ్రస్‌లు, ఫోన్ నంబర్లు అన్నీ పటం వెనక అతికించిన్రు. ఇప్పుడు లోకం మొత్తం మీద బతికున్నది ఇరవయ్యేడు మందే.”

“మన నక్షత్రాలెన్నో అంతమంది,” అంది శ్యామల సంతోషంగా. ఆవిడకిలాంటి సంగతులు జీడిపప్పుతో సమానం. “ఎక్కడిదటమ్మా ఈ పేరు?”

“ఇంగ్లండ్‌ల తూర్పు ఒడ్డున వెక్సెల్‌బీ అని ఊరుండేనట ఆంటీ. చివర ‘బీ’ అంటే ఊరు. పడవల మీద వచ్చి అక్కడ ఇండ్లు కట్టుకున్నోళ్ల మాట అది.”

“మన పల్లి, పూడి, పాడులాగా.”

“ఆ, అట్లనే. ఒడ్డు కోసుకుపోయి ఊరంతా సముద్రంల కలిసిపోయింది. ముందే ఊరు వదిలిపోయిన ఒక్క కుటుంబానికే ఆ పేరు మిగిలిందట.”

ఇంటిపేర్లన్నీ అంతేగా, అనుకుంది శ్యామల. ఊళ్లో ఉన్నవాణ్ని ఊరి పేరుతో ఎవరూ పిలవరు. పొలిమేర దాటాకే అది వెంటపడుతుంది. ఈ పిల్లనీ క్లాసులో అందరూ జనగామ భవిత అంటున్నారట.

“మరి ఇరవయ్యేడు మందికి ఇంకొకడు కలిశాడన్నమాట, మా కోలిన్,” అని రాజగోపాల్ టై సర్దుకున్నాడు. “ఒకే ఇంటిపేరు, ఒకే వంశం. పెద్దమ్మని చూసుకునే హక్కు ఆయనకుంది. అద్దెకున్న పిల్లకి లేదు.”

శ్యామల ఆ మాట విననట్టే ఉంది. ఆవిడ కళ్లు నిప్పుగూడు పైనున్న అరమీద ఆగిపోయాయి. అక్కడ వరసగా కప్పులు తళతళలాడుతున్నాయి. అన్నీ కర్లింగ్ ఆటవి. మంచు మీద నున్నటి బండరాళ్లు జార్చే ఆట, ఈ దేశంలో ముసలీ ముతకా అందరూ ఆడతారు. కప్పుల మధ్య ఫ్రేముల్లో ఫొటోలు.

“ఇవెవరు తుడుస్తారు?”

“నేనే ఆంటీ, ప్రతి ఆదివారం. ఆర్థర్ గారు గెలిచినవి.”

“వాటి మీద రాసిందెప్పుడైనా చదివావా?”

“ఏముంటది, ఆయన పేరే కదా.”

శ్యామల కళ్లద్దాలు ముక్కు మీదికి జార్చుకుని ఒక్కో కప్పూ తిప్పి చూసింది. చివరికి రెండు కప్పులు ఎంచి రాజగోపాల్ చేతుల్లో పెట్టింది.

“గట్టిగా చదవండి. మీది మంచి గొంతు.”

“ఎ. వెక్సెల్‌బీ, పందొమ్మిది వందల డెబ్భై ఒకటి,” అని చదివాడు రాజగోపాల్. రెండోది తిప్పాడు. “ఎ. మిల్లర్, పందొమ్మిది వందల అరవై ఆరు. ఎవడీ మిల్లర్? ఇంకెవరిదో కప్పు కలిసిపోయి ఉంటుంది.”

“అలాగా. మరి ఈ ఫొటో చూడండి.”

ఫొటోలో పాతికేళ్ల కుర్రాడు అదే కప్పు పట్టుకుని ఇకిలిస్తున్నాడు. చేటలంత చెవులు. శ్యామల దాని పక్కన పెళ్లిఫొటో పెట్టింది. ఎడిత్ పక్కన పెళ్లికొడుకు. అవే చెవులు. లోకంలో ఆ చెవులు రెండో మనిషికి ఉండే అవకాశం లేదు. ఫ్రేము అడుగున పెళ్లి ఏడాది చెక్కి ఉంది, పందొమ్మిది వందల అరవై ఎనిమిది.

“పెళ్లికి ముందు మిల్లర్. పెళ్లయ్యాక వెక్సెల్‌బీ. ఆర్థర్ గారు ఇల్లరికం రాజగోపాల్ గారూ.”

“తెల్లవాళ్లలో ఇల్లరికమేంటండీ, మరీ విడ్డూరం!”

“పేరు అంతరించిపోతుందంటే ఏ జాతైనా ఒకటే చేస్తుంది. మా తాతగారు కూడా అంతే. మా అమ్మమ్మ ఒక్కతే కూతురని ఇల్లరికం వచ్చి, వాళ్ల ఇంటిపేరే రాసుకున్నారు. తాతగారి అన్నదమ్ముల పిల్లలు పెళ్లిళ్లకొస్తే వాళ్ల ఇంటిపేరు వేరు, మాది వేరు. ఒకే తాత మనవలకి రెండు ఇంటిపేర్లేంటా అని చిన్నప్పుడు నాకు బుర్ర తిరిగేది. ఇవాళ అది తిన్నగా పనికొచ్చింది.” శ్యామల కప్పు తీసి మళ్లీ జాగ్రత్తగా అరమీద పెట్టింది. “ఇప్పుడు చెప్పండి. ఆర్థర్ మిల్లర్ తమ్ముడి కొడుకు ఏమవుతాడు?”

రాజగోపాల్ చేతిలో మిగిలిన కప్పు తిప్పి చూశాడు.

“మిల్లర్ అవుతాడు,” అంది భవిత మెల్లగా. “ఎడిత్ గారు అంటుండె ఆంటీ. అందరికన్నా గొప్ప వెక్సెల్‌బీ ఆర్థరే, కోరి అయిండు గనక, అని. నేను జోక్ అనుకున్న.”

“నువ్వే కాదు, అందరం అలాగే అనుకుంటాం. ఆవిడ ఇంటిపేరు మొగుడిదే అయి ఉంటుందని నువ్వనుకున్నావు, ఈయనా అనుకున్నాడు. ఆ దొంగవెధవా అదే అనుకున్నాడు. అక్కడే బోర్లాపడ్డాడు.”

మంచి పని జరిగినప్పుడు శ్యామల మొహం వెన్నముద్దలా ఉంటుంది. ఇప్పుడూ అలాగే ఉంది. కానీ పటంలో కెనడా దగ్గర మూడు సూదులు చూశాక ఆ వెలుగు కాస్త తగ్గింది. హామిల్టన్‌లో ఆకుపచ్చది ఎడిత్, దాని పక్కన నల్లది ఆర్థర్. ఎడ్మంటన్‌లో ఇంకో నల్లది.

“ఇదెవరు?”

“హెన్రీ గారు. ఎడిత్ గారి చిన్నాన్న కొడుకు. ఆయన కూడా ఒక్కరే ఉండెటోళ్లు. పోయిన చలికాలం మెట్ల మీద నుంచి పడి చనిపోయిన్రు. ఆ సూది మార్చిన రోజు ఆమె అన్నం తినలే.”

మెట్ల మీద నుంచి అన్న మాట దగ్గర రాజగోపాల్ పటం దగ్గరికొచ్చి ఆ నల్ల సూదిని చూశాడు.

“శ్యామల గారూ… కోలిన్ నాతో ఒక మాటన్నాడు. ఎడ్మంటన్‌లో తన బాబాయిని ఆఖరిదాకా తానే చూసుకున్నాట్ట, ఆ ఇల్లు కూడా తనకే వచ్చిందట. పాపం, ఎంత బాధ్యత గలవాడో అనుకున్నాను. పెద్దల్ని చూసుకునే పిల్లలు ఈ రోజుల్లో ఎక్కడండీ అని మా ఆవిడతో కూడా చెప్పాను.”

“అక్కడ హెన్రీకి అన్నకొడుకు. ఇక్కడ ఆర్థర్‌కి తమ్ముడికొడుకు. ఆ ఇద్దరికీ మధ్య నెత్తురు చుట్టరికమే లేదు.” శ్యామల గొంతులో మొదటిసారి కోపం వినిపించింది. “చూశారా వాడి తెలివి? శర్మలూ రెడ్లూ స్మిత్‌లూ వాడికి పనికిరారు, అడిగేవాళ్లు వెయ్యిమంది ఉంటారు. ఇరవై ఏడుగురే ఉన్న పేరైతే దొంగ లైసెన్స్ చూపించినా కాదనడానికి ఎవరూ ఉండరు. అవుననడానికి ఆ ఒంటరి ప్రాణాలకే ఆత్రం. హెన్రీ ఇంట్లో ఎడిత్ గారి ఉత్తరం ఏదో కంటబడి ఉంటుంది, ఇక్కడికొచ్చాడు. ఇప్పుడు వాడెక్కడున్నాడు?”

“హాస్పిటల్లో.” రాజగోపాల్ చేతిలో కప్పు అరమీద పెట్టేశాడు. “మధ్యాహ్నం నేనే దింపాను. కుటుంబసభ్యుడని నర్సుకి నేనే హామీ ఇచ్చాను.”

భవిత అప్పటికే ఫోన్ చేస్తోంది. మూడు రోజులుగా రోజూ వెళ్లి, ఫ్యామిలీ కాదంటే వార్డు బయటే కూర్చుని వస్తోంది గనక నర్సు గొంతు గుర్తుపట్టింది. శ్యామల స్పీకర్ నొక్కింది.

“నువ్వేనా! నీకే ఫోన్ చేద్దామనుకుంటున్నాను,” అంది నర్సు. “ఇందాకే ఆవిడకి తెలివొచ్చింది. కళ్లు తెరవగానే ఏమందో తెలుసా? మా అమ్మాయి ఏది, అంది. ఆ బంధువు ఎదురుగానే ఉన్నాడు. నేను ఆర్థర్ తమ్ముడి కొడుకుని అన్నాడు. ఆవిడ అతన్ని ఎగాదిగా చూసి, అయితే నీ పేరు మిల్లర్ కదా అంది. వెంటనే బెల్ నొక్కేసింది. నేనొచ్చేసరికి అతను కోటు తగిలించుకుంటున్నాడు. ఆవిడ బట్టలు తెస్తానని చెప్పి వెళ్లిపోయాడు. ఇంకెవరినీ రానివ్వొద్దందామె, నిన్ను తప్ప.”

భవిత ఫోన్ గుండెకి ఆనించుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. ఈ మూడు రోజుల్లో ఏడవని ఏడుపంతా ఇప్పుడు పొంగుకొచ్చింది. శ్యామల ఆ పిల్ల వీపు నిమిరింది. ఆవిడకీ కళ్లు చెమర్చాయి. ఆ సంగతి ఎవరన్నా అడిగితే ఉప్మాలో మిరపకాయ అని చెప్పేది.

“పారిపోయాడు వెధవ!” అన్నాడు రాజగోపాల్. “ఎయిర్‌పోర్ట్‌కి ఫోన్ చెయ్యనా?”

“ఆగండి. పారిపోతే ఉట్టిచేతులతో పోడు.” శ్యామల గోడ వైపు చూసింది. “ఇరవయ్యేడు మందిలో ఎడిత్ గారు పోను ఇరవయ్యారు మంది మిగిలారు. ఎవరెక్కడున్నారో, ఎవరు ఒంటరో, ఫోన్ నంబర్లతో సహా ఆ పటం వెనకుంది. ఆవిడ చుట్టాల కోసం చేసుకున్నది వాడి చేతికి దొరికితే వేటపటమే. ఈ ఇంట్లో ఎవరూ ఉండరనే అనుకుంటాడు. నాలుగింటికి భవితని స్టేషన్‌కి రమ్మన్నారని వాడికి చెప్పారా?”

“నాలుగింటికల్లా అక్కడుండాలని చెప్పాను. పోలీసులే ఇక్కడికొస్తారని చెప్పలేదు.”

“మీ జీవితంలో చేసిన మంచి పనుల్లో అదొకటి. గుమ్మంలో మీ బూట్లు తీసి దాచండి.”

మాట పూర్తయిందో లేదో, వాకిట్లో మంచు మీద అడుగుల చప్పుడు వినిపించింది. పోలీసులైతే తలుపు కొడతారు. ఎవరూ కొట్టలేదు. తర్వాత వీధి తలుపులో తాళంచెవి దూరింది.

ముగ్గురి కళ్లూ ఒక్కసారే వంటింటి టేబుల్ మీదికి వెళ్లాయి. ఎడిత్ తాళంచెవి అక్కడే ఉంది. భవితదీ అక్కడే ఉంది. గుమ్మంలో మూడోది కిర్రుమని తిరుగుతోంది.

“కనిపించని తాళంచెవి అన్నారు,” అని శ్యామల గుసగుసగా అంది. “వినిపిస్తోందా? ఇక సాక్షి మీరే. ఆ తలుపు చాటుకెళ్లి వీడియో ఆన్ చెయ్యండి.”

రాజగోపాల్ మారుమాట లేకుండా ఫోన్ తీసుకుని, సాక్సులతోనే తలుపు చాటుకి జరిగాడు. శ్యామల మాత్రం పటం కింద సోఫాలో బాసింపట్టు వేసుకుని కూర్చుని, చీర కుచ్చిళ్లు సర్దుకుంది. గోడ మీద గడియారం నాలుగుకి ఇంకా కాస్త దూరంలోనే ఉంది. ఆ కాసేపు ఎలా గడపాలో ఆవిడకి తెలుసు.

“భవితా, కళ్లు తుడుచుకుని టీ ఇంకో కప్పు పెట్టమ్మా,” అంది, గుమ్మంలోకి వినపడేంత గట్టిగా. “మీ ఎడిత్ గారి చుట్టం వచ్చాడు.”